72 గంటలు, తొమ్మిది నెలలు, పాతికేళ్లు: యుద్ధంలో అత్యాచారం తర్వాత జరిగేదేమిటి

తెలుగులో అత్యాచారానికి చాలాకాలం వాడుకలో ఉన్న మాట మానభంగం. దెబ్బ తగిలింది మానానికి అనీ, ఆ మానం ఆమె ఒక్కదానిదే కాదు, ఇంటిదీ ఊరిదీ కూడా అనీ ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఈ చూపు మనదొక్కటే అనుకోనక్కర్లేదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 27వ అధికరణంలో, యుద్ధకాలంలో స్త్రీలను ‘వారి గౌరవంపై జరిగే దాడుల’ నుంచి, ముఖ్యంగా అత్యాచారం, బలవంతపు వ్యభిచారం నుంచి కాపాడాలని రాశారు. అతి తీవ్రమైన ఉల్లంఘనలను పేరుపేరునా చెప్పే 147వ అధికరణంలో హత్య ఉంది, చిత్రహింస ఉంది, బందీలుగా పట్టుకోవడం ఉంది. అత్యాచారం అన్న మాట లేదు.

మాట దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే, తర్వాత జరిగేదంతా ఆ చూపును బట్టే ఉంటుంది. జరిగినదాన్ని గాయంగా చూసిన ఇల్లు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తుంది. పరువు పోయిందనుకున్న ఇల్లు తలుపులు మూసుకుంటుంది. యుద్ధంలో లైంగిక హింస వల్ల స్త్రీకి కలిగే నష్టాన్ని విడదీసి చూస్తే, దాడి చేసినవాడి చేతిలో జరిగింది అందులో మొదటి భాగం. రెండో భాగంలో అడ్డుకోగలిగీ అడ్డుకోని రోగం ఉంటుంది, రాకుండా చూడగలిగిన గర్భం ఉంటుంది, కుట్టగలిగిన చిల్లు ఉంటుంది, ఇవ్వని పత్రం ఉంటుంది. అదంతా ఆ తర్వాత ఆమెకు ఎదురుపడిన మనుషులూ కార్యాలయాలూ చేసిందే. ఈ రెండో భాగానికి కచ్చితమైన గడువులున్నాయి.

మొదటి అయిదు రోజులు

అన్నిటికంటే ముందు దాటిపోయే గడువు హెచ్‌ఐవీది. వైరస్‌ సోకకుండా ఆపే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మేలు, మూడో రోజు దాటితే ఇచ్చినా ప్రయోజనం ఉండదు. సాధారణంగా టెనోఫోవిర్‌, లామివుడిన్‌, డోలుటెగ్రావిర్‌ కలిపిన మాత్ర రోజుకొకటి చొప్పున 28 రోజులు వాడాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా తొలి మాత్ర వెంటనే వేయించాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, వారానికి సరిపడా మందులిచ్చి ‘మళ్లీ రా’ అనడం. దారిలో తనిఖీ కేంద్రాలు దాటుకుని వచ్చినామె మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే 28 రోజుల మందులూ తొలిరోజే చేతిలో పెట్టాలి. శిబిరంలో ఒకే గుడారంలో పది మంది ఉంటే మాత్రల సీసా ఎక్కడ దాస్తుందో కూడా ఆ రోజే ఆమెతో మాట్లాడాలి. సగంలో మానేయడానికి వాంతులు ఎంత కారణమో, ఎవరైనా చూస్తారన్న భయమూ అంతే కారణం.

గర్భం రాకుండా ఆపడానికి 120 గంటలు, అంటే అయిదు రోజులు. లెవోనార్జెస్ట్రల్‌ 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా, లేదా యులిప్రిస్టల్‌ 30 మిల్లీగ్రాములు. మొదటిది రోజు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది, నాలుగో రోజుకు బాగా తగ్గిపోతుంది. లెవోనార్జెస్ట్రల్‌ మింగిన రెండు గంటల్లోపు, యులిప్రిస్టల్‌ మింగిన మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఈ అయిదు రోజుల్లోపే కాపర్‌-టీ వేయగలిగితే అన్నిటికంటే నమ్మకమైనది అదే, కానీ దానికి శిక్షణ ఉన్న చేయి, శుభ్రమైన చోటు కావాలి. ఈ మాత్రను అబార్షన్‌ మాత్ర అనుకుని ఇవ్వడానికి వెనకాడే ఆరోగ్య కార్యకర్తలు ఇప్పటికీ ఉన్నారు. అది అండం విడుదలను ఆలస్యం చేస్తుంది, అంతే. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది ఏమీ చేయదు.

మిగతా సుఖరోగాలకు ల్యాబ్‌ కోసం ఎదురుచూడకుండా చికిత్స చేసేయాలి. క్లమీడియాకు అజిత్రోమైసిన్‌ ఒక గ్రాము, గనేరియాకు సెఫ్ట్రియాక్సోన్‌ ఇంజెక్షన్‌ లేదా సెఫిక్సిమ్‌ 400 మిల్లీగ్రాములు, సిఫిలిస్‌కు బెంజాథీన్‌ పెన్సిలిన్‌ 24 లక్షల యూనిట్లు. వీటికి 72 గంటల నియమం లేదు, ఎప్పుడొచ్చినా ఇవ్వవచ్చు. హెపటైటిస్‌-బీ టీకా తొలి డోసు 14 రోజుల్లోపు, తర్వాతివి నెలకు, ఆరు నెలలకు. ఒంటి మీద గాయాలుంటే ధనుర్వాతం టీకా.

ఇదంతా ఒక పెట్టెలో పట్టే సరంజామా. సంక్షోభం మొదలైన తొలి 48 గంటల్లోనే, వీలున్నంతవరకు, కనీస పునరుత్పత్తి ఆరోగ్య సేవలు ప్రారంభించాలన్నది మానవతా సంస్థలు ఒప్పుకున్న ప్రమాణం. అందులో భాగంగా ఐక్యరాజ్యసమితి జనాభా నిధి సర్ది పంపే ‘కిట్‌ 3’ అత్యాచార బాధితుల చికిత్స కోసమే. పదివేల జనాభాకు మూడు నెలలకు లెక్కగట్టి దాన్ని తయారుచేస్తారు. మందులు ఖరీదైనవి కావు, అరుదైనవీ కావు. మరి ఎక్కడ తప్పుతుంది?

ఒకటి, పోలీసు కాగితం దగ్గర. దార్ఫుర్‌ యుద్ధం తొలి ఏళ్లలో సూడాన్‌లో పోలీసులు ‘ఫారం 8’ రాసిస్తేనే వైద్యం. ఆ ఫారం కోసం వెళ్లాల్సింది ఊరి మీద పడ్డ మూకలకు అండగా ఉన్న ప్రభుత్వపు స్టేషనుకే. పెళ్లికాని గర్భిణి వెళ్తే వ్యభిచారం కేసు తిరిగి ఆమె మీదే పడేది. ఎంఎస్‌ఎఫ్‌ వైద్య సంస్థ 2004 అక్టోబర్‌ నుంచి 2005 ఫిబ్రవరి దాకా అక్కడ దాదాపు 500 మందికి చికిత్స చేసి, ఆ సంగతిని 2005 మార్చిలో నివేదికగా బయటపెట్టింది. మే నెలలో ఆ సంస్థ సూడాన్‌ విభాగం బాధ్యుణ్ని అరెస్టు చేశారు.

రెండోది, బోర్డు దగ్గర. ‘అత్యాచార బాధితుల కేంద్రం’ అని వేరే గుడారం వేస్తే ఆ గుమ్మం తొక్కిన ప్రతి ఆడమనిషి సంగతీ సాయంత్రానికి శిబిరమంతా తెలిసిపోతుంది. మామూలు స్త్రీల వైద్యం జరిగే చోటే, అదే వరుసలో, అదే తలుపు గుండా ఈ చికిత్స అందాలి.

మూడోది పరీక్ష గదిలో జరుగుతుంది. శరీర పరీక్షలో ప్రతి మెట్టుకూ ఆమె ఒప్పుకోవాలి. పరీక్ష వద్దన్నా మందులు ఇవ్వాల్సిందే. ‘రెండు వేళ్ల పరీక్ష’కు శాస్త్రీయ విలువ లేదు, అది మరో దాడితో సమానం. కన్యత్వ పరీక్షలన్నీ ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస మానవహక్కుల కార్యాలయం, ఐరాస మహిళా విభాగం కలిసి 2018లో ప్రకటించాయి. గాయం కనబడలేదు కాబట్టి దాడి జరగలేదని రాయడం మరో తప్పు. తలకు తుపాకీ పెట్టినప్పుడు ఎవరూ పెనుగులాడరు, పెనుగులాడని ఒంటి మీద గీతలు ఉండకపోవచ్చు.

ఇక నెలల తరబడి బందీగా ఉండి తప్పించుకొచ్చినవాళ్ల సంగతి. వాళ్లకు 72 గంటలన్న మాటకే అర్థం లేదు. ‘ఆలస్యమైంది, చేసేదేం లేదు’ అని తిప్పి పంపడం మాత్రం శుద్ధ తప్పు. గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష, అవసరమైతే జీవితకాల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు), సుఖరోగాల చికిత్స, హెపటైటిస్‌ టీకా, లోపలి గాయాల పరిశీలన, ఇవన్నీ అప్పటికీ మిగిలే ఉంటాయి. హెచ్‌ఐవీ మందుల విషయంలో రువాండా స్త్రీలకు జరిగిన అన్యాయం ఒకటి చెప్పుకోవాలి. 1994 మారణహోమంపై టాంజానియాలోని అరూషాలో అంతర్జాతీయ ట్రిబ్యునల్‌ నడుస్తున్న రోజుల్లో, నిర్బంధంలో ఉన్న నిందితులకు ఏఆర్‌టీ అందింది. అత్యాచారాల్లో హెచ్‌ఐవీ సోకి, వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లిన స్త్రీలకు ఏళ్ల తరబడి అందలేదు.

చిల్లు

కాంగో తూర్పు ప్రాంతంలోని బుకావులో పాంజీ ఆస్పత్రిని 1999లో ప్రసూతి సేవల కోసమే కట్టారు. అక్కడ చేరిన మొదటి రోగి ప్రసవానికి వచ్చినామె కాదు, అత్యాచారం చేసి మర్మాంగాల మీద కాల్చిన మనిషి. ఆ ఆస్పత్రిని నడిపిన డాక్టర్‌ డెనిస్‌ ముక్వెగేకు 2018లో ఇరాక్‌లోని యాజిదీ అనే మైనారిటీ మతానికి చెందిన మహిళ నాదియా మురాద్‌తో కలిపి నోబెల్‌ శాంతి బహుమతి వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. అక్కడ చేసే పని ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ.

ఫిస్టులా అంటే యోనికీ మూత్రాశయానికీ మధ్య, లేదా యోనికీ మలాశయానికీ మధ్య పడే చిల్లు. కాన్పు రోజుల తరబడి ఆగిపోయినప్పుడు బిడ్డ తల ఒత్తిడికి కణజాలం చచ్చి పడేది ఒక రకం. సామూహిక అత్యాచారంలో, లేదా కర్ర, తుపాకీ గొట్టం, సీసా లాంటివి జొప్పించడం వల్ల చీలిపోయి పడేది రెండో రకం. రాత్రీ పగలూ మూత్రం కారుతూనే ఉంటుంది. తొడల చర్మం ఒరిసి పుండ్లు పడుతుంది. వాసన వల్ల పక్కన ఎవరూ కూర్చోరు. ఇక్కడ చాలామంది స్త్రీలు తమకు తోచిన ఉపాయం ఒకటి చేస్తారు, నీళ్లు తాగడం తగ్గించేస్తారు. దానివల్ల మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది, రాళ్లు ఏర్పడతాయి. బాగా నీళ్లు తాగమని చెప్పడం వైద్యంలో మొదటి మెట్టు. వినడానికి చిన్న సలహాలా ఉంటుంది కానీ, కారేదాన్ని ఇంకా కారనివ్వమని చెప్పినట్టే కాబట్టి ఆమెను ఒప్పించడం తేలిక కాదు.

గాయం కొత్తదై చిల్లు చిన్నదైతే కొన్ని వారాలు క్యాథెటర్‌ (మూత్రం తీసే గొట్టం) పెట్టి మూత్రాశయాన్ని ఖాళీగా ఉంచితే తనంతట తానే మూసుకునే అవకాశం ఉంది. లేదంటే శస్త్రచికిత్సే. ముందు చీము, వాపు తగ్గి కణజాలం గట్టిపడాలి, అందుకు సాధారణంగా మూడు నెలలు ఆగుతారు. ఆ లోపు రక్తహీనత సరిచేసి తిండి బలం పెంచాలి. చిల్లు ఎక్కడుందో తేలకపోతే మూత్రాశయంలోకి నీలిరంగు ద్రవం ఎక్కించి, యోనిలో వరుసగా పెట్టిన దూది ఉండల్లో ఏది తడిసి నీలమైందో చూస్తారు. ఆపరేషన్‌ అయ్యాక పది నుంచి పద్నాలుగు రోజులు క్యాథెటర్‌ ఉంచుతారు. చాలా ఆపరేషన్లు చెడేది ఇక్కడే. గొట్టం మడతపడో, గడ్డకట్టిన నెత్తురు అడ్డుపడో మూసుకుపోతే మూత్రాశయం నిండి కుట్లు పిగిలిపోతాయి. సర్జన్‌ ఎంత నిపుణుడైనా, రాత్రిపూట గంటగంటకూ సంచీ చూసే నర్సు లేకపోతే లాభం లేదు. మొదటిసారి వేసిన కుట్టుకే గెలుపు అవకాశం ఎక్కువ. విఫలమైన ప్రతిసారీ మచ్చ కణజాలం పెరిగి తర్వాతిది కష్టమవుతుంది. చిల్లు మూసుకున్నా కొందరికి మూత్రం పట్టు ఉండదు. డిశ్చార్జి తర్వాత కనీసం మూడు నెలలు దాంపత్యానికి దూరంగా ఉండాలి, మళ్లీ గర్భం వస్తే సిజేరియన్‌ చేసే ఆస్పత్రికి ముందే చేరాలి. దాడులు ఆగని ఊరికి తిరిగి వెళ్లే మనిషికి ఈ రెండు సలహాలూ చెప్పడమే ఒక విడ్డూరం. కుట్టించుకుని వెళ్లి, మళ్లీ అదే గాయంతో తిరిగొచ్చినవాళ్లు పాంజీకి కొత్త కాదు.

తొమ్మిది నెలలు

గర్భం నిలిస్తే ఆమె ముందున్న దారులను నిర్ణయించేది ఎక్కువగా ఆమె కాదు. ఆఫ్రికా దేశాల మపుటో ఒడంబడిక (2003) 14వ అధికరణం అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని వైద్యపరంగా తీయించుకునే హక్కు ఇచ్చింది. కాంగో దాన్ని తన అధికారిక గెజెట్‌లో అచ్చువేసి అమల్లోకి తెచ్చింది మాత్రం 2018లో. అమెరికాలో 1973 నాటి హెల్మ్స్‌ సవరణ, కుటుంబ నియంత్రణ పద్ధతిగా చేసే అబార్షన్లకు విదేశీ సాయం డబ్బు వాడకూడదంటుంది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భం కుటుంబ నియంత్రణ కిందికి రాదని మాట చదివిన ఎవరికైనా తోస్తుంది. ఆచరణలో మాత్రం ఆ డబ్బుతో నడిచే క్లినిక్కులు ఈ కేసుల్లోనూ చేతులు ముడుచుకున్నాయి. 2019లో భద్రతామండలి 2467వ తీర్మానం బాధితుల్ని కేంద్రంగా పెట్టుకున్నదే అయినా, అమెరికా వీటో బెదిరింపు వల్ల లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవల ప్రస్తావన అందులోంచి జారిపోయింది. న్యూయార్క్‌లో ఒక వాక్యం పోతే, మారుమూల ఆస్పత్రిలో ఒక సేవ ఆగుతుంది. ఆగిన చోట ఆమె నాటుమందుకో పుల్లకో తెగిస్తుంది.

గర్భాన్నే ఆయుధం చేసిన సందర్భాలు వేరు. 1990ల నాటి బోస్నియా యుద్ధంలో కొందరు స్త్రీలను గర్భం తీయించుకునే దశ దాటేదాకా కావాలనే నిర్బంధించారు. దీనికి ‘బలవంతపు గర్భం’ అని పేరు పెట్టి అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైన రోమ్‌ శాసనం 1998లో ప్రత్యేక నేరంగా చేర్చింది. ఆ నేరం కింద అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో తొలి శిక్ష 2021లో, ఉగాండాకు చెందిన ఎల్‌ఆర్‌ఏ తిరుగుబాటు దళం కమాండర్‌ డొమినిక్‌ ఆంగ్వెన్‌కు పడింది.

పుట్టిన పిల్లలు

రువాండాలో ఈ పిల్లలను ‘చేదు జ్ఞాపకాల పిల్లలు’ అన్నారు. అక్కడ మారణహోమం జరిగింది 1994 ఏప్రిల్‌ నుంచి జూలై దాకా. తొమ్మిది నెలలు కలుపుకుంటే ఈ కాన్పుల్లో ఎక్కువ భాగం 1995 తొలి నెలల్లోకి వస్తాయి. బతికి బయటపడ్డవారికి చదువు, వైద్యం ఇచ్చే ప్రభుత్వ నిధి మాత్రం 1990 అక్టోబర్‌ 1 నుంచి 1994 డిసెంబర్‌ 31 మధ్య హింసకు గురైనవారినే లబ్ధిదారులుగా గుర్తించింది. కొన్ని వారాల తేడాతో ఈ పిల్లలు ఆ గీత అవతల పడ్డారు. ఫీజులు తల్లి కట్టాలి. ఆమెకు తానొక బాధితురాలిగా రావాల్సిన సాయంలోంచే ఈ బిడ్డనూ పెంచాలి.

ఈ పిల్లలకే సంబంధించిన మరో లెక్క కూడా చూడాలి. రువాండాలో అత్యాచారాల సంఖ్య రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా అని చాలా చోట్ల రాస్తారు. అది 1996లో ఐరాస ప్రత్యేక ప్రతినిధి వేసిన అంచనా. ఇలాంటి జననాలపై అప్పటికి ఉన్న అంచనాలను తీసుకుని, నూరు అత్యాచారాలకు ఒక గర్భం అన్న ఊహ మీద దాన్ని హెచ్చవేశారు. ఆ ఊహ ఎంత గట్టిదన్నది వేరే చర్చ. తల్లుల లెక్క తేల్చడానికి పనికొచ్చిన పిల్లలు, సాయం లెక్కలోకి మాత్రం రాలేదు.

ఇరాక్‌లో చిక్కు ఇంకో తీరుది. 2014 ఆగస్టులో సింజార్‌ మీద పడ్డ ఐసిస్‌ ఆరు వేలకు పైగా యాజిదీలను, ఎక్కువగా స్త్రీలను, పిల్లలను ఎత్తుకుపోయింది. తిరిగొచ్చిన స్త్రీలను అక్కున చేర్చుకోవాలని యాజిదీ మతపెద్ద బాబా షేక్‌ పిలుపునిచ్చారు. లాలిష్‌ ఆలయంలో పవిత్ర జలంతో వాళ్లకు మళ్లీ స్నానం చేయించారు. సమాజం తలుచుకుంటే ‘పరువు’ నియమం ఎంత తొందరగా మారగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఆ తలుపు పిల్లల దగ్గర మూసుకుంది. 2019 ఏప్రిల్‌లో యాజిదీ ఆధ్యాత్మిక మండలి బాధితులందరినీ, వాళ్ల పిల్లలనూ స్వీకరిస్తామని ప్రకటించి, కొద్ది రోజుల్లోనే అత్యాచారం వల్ల పుట్టినవారు అందులోకి రారని వివరణ ఇచ్చింది. అటు ఇరాక్‌ చట్టం తండ్రి ఎవరో తెలియని బిడ్డను ముస్లింగా నమోదు చేస్తుంది. బిడ్డ కావాలంటే తల్లి తన ఊరినీ మతాన్నీ వదులుకోవాలి, ఊరు కావాలంటే బిడ్డను అనాథాశ్రమంలో వదలాలి.

తల్లి కేసు నుంచి విడదీసి, పిల్లల్ని నేరుగా బాధితులుగా గుర్తించిన చట్టాలు కొద్దే. కొలంబియా 2011లో చేసిన బాధితుల చట్టం అలాంటిది. బోస్నియాలో ఆ గుర్తింపు కోసం యుద్ధం ముగిసిన పాతికేళ్ల దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిచ్‌కో జిల్లా 2022లో ఇచ్చింది, ఆ తర్వాతి ఏడాది దేశంలోని రెండు పెద్ద భాగాల్లో ఒకటైన బోస్నియా సమాఖ్య ఇచ్చింది. అప్పటికి ఆ ‘పిల్లల’ వయసు ముప్పైకి దగ్గర పడింది.

మనసు, ఇల్లు, పొలం

దాడి తర్వాత మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, జరిగింది కళ్లముందు మెదలడం సహజమైన స్పందనలు. నెల దాటినా తగ్గక, రోజువారీ పని సాగనివ్వనప్పుడు పీటీఎస్‌డీ అంటారు. తొలి రోజుల్లో చేయకూడనివి రెండున్నాయి. జరిగిందంతా ఒకేసారి చెప్పించి ‘బరువు దింపే’ ప్రయత్నం వద్దు, దానివల్ల మేలు జరిగినట్టు రుజువు లేదు, కొందరికి కీడు జరుగుతుంది. నిద్రమాత్రల పేరుతో డయాజెపామ్‌ లాంటివి అలవాటుగా రాయడమూ వద్దు. కావాల్సింది వినడం, ఏం కావాలో అడగడం, నీ తప్పేం లేదని చెప్పడం, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావో కనుక్కోవడం.

తర్వాతి దశలో ఏం పని చేస్తుందో కాంగోలో పరీక్షించి చూశారు. 405 మంది స్త్రీలతో జరిగిన ఆ అధ్యయనం 2013లో అచ్చయింది. కొన్ని ఊళ్లలో మామూలు వ్యక్తిగత సహాయం, మరికొన్నింట ఒక విడి సమావేశం, పదకొండు గుంపు సమావేశాలుగా ఆలోచనా సరళిని సరిచేసే చికిత్స. నడిపినవాళ్లు స్థానిక కార్యకర్తలే, సైకియాట్రిస్టులు కాదు. చదువురాని స్త్రీల కోసం రాతపనిని నోటితో చెప్పుకునేలా మార్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే కుంగుబాటు, ఆందోళన లక్షణాలు గుంపు చికిత్స ఊళ్లలో 9 శాతం మందిలో, మిగతా ఊళ్లలో 42 శాతం మందిలో మిగిలాయి. చుట్టూ యుద్ధం ఆగకుండానే ఇది జరిగింది.

భర్త వదిలేయడం గురించి రాసేటప్పుడు అతని మొరటుతనం దగ్గర ఆగిపోతారు. కారణాలు చూస్తే రోగం అంటుకుంటుందన్న భయం ఉంటుంది, ఊరి మాటలుంటాయి. చాలాసార్లు అతని కళ్లముందే జరిపించి ఉంటారు, ఆమెను చూసిన ప్రతిసారీ తన చేతకానితనం గుర్తొస్తుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఇద్దరికీ చేయించి, ఫలితం ఆమె అనుమతితో అతనికి వివరిస్తే కొన్ని ఇళ్లు నిలబడతాయి. నిలబడకపోతే పోయేది కాపురమొక్కటే కాదు. భూమి భర్త ద్వారానో అతని వంశం ద్వారానో దక్కే చోట పొలం పోతుంది. పొలం మిగిలినా దారిలో దాడి జరుగుతుందన్న భయంతో దూరపు చేనుకు వెళ్లడం మానేస్తుంది. ఆ ఏడు ఆ ఇంటి గింజలు తగ్గుతాయి.

సియెర్రా లియోన్‌లో యుద్ధం ముగిశాక పోరాటంలో ఉన్నవారికి పునరావాసం ఇవ్వడానికి ఒక తుపాకీ అప్పజెప్పాలన్న షరతు పెట్టారు. తిరుగుబాటుదారులు ఎత్తుకెళ్లి ‘అడవి భార్యలు’గా ఉంచుకున్న ఆడపిల్లల దగ్గర తుపాకీ ఉండదు, లేదా కమాండర్‌ లాక్కుని తన మనిషికి ఇచ్చుకున్నాడు. బందీ చేసినవాడికి పునరావాసం దొరికింది. బందీ అయిన పిల్లకు దొరకలేదు.

పేరు పెట్టి గౌరవించబోయి బంగ్లాదేశ్‌ ఇంకో విధంగా దెబ్బతింది. 1971 యుద్ధంలో రెండు లక్షల మంది స్త్రీలపై అత్యాచారాలు జరిగాయన్నది అక్కడి ప్రభుత్వ లెక్క. వాళ్లకు షేక్‌ ముజిబుర్‌ రెహమాన్‌ ప్రభుత్వం ‘బీరాంగన’, అంటే వీరాంగన అన్న బిరుదిచ్చింది. మగ యోధులకిచ్చిన గుర్తింపు వెంట పింఛను, ఉద్యోగాల్లో కోటా వచ్చాయి. ఈ బిరుదు వెంట ఆ పింఛను రాలేదు సరికదా, ఒక్క అచ్చు మార్చి ‘బారాంగన’ అని, అంటే వేశ్య అని, ఊళ్లలో ఎగతాళి చేశారు. ఆ స్త్రీలను స్వాతంత్ర్య యోధులుగా గెజెట్‌లో చేర్చడం 2015లో మొదలైంది. అప్పటికి చాలామంది లేరు.

కోర్టు మెట్లు

రువాండాలో తాబా కమ్యూన్‌ మేయర్‌ జాఁ-పాల్‌ అకయేసు మీద మొదట పెట్టిన అభియోగ పత్రంలో అత్యాచారం ఊసే లేదు. 1997లో అరూషా ట్రిబ్యునల్‌ విచారణ మధ్యలో ఒక సాక్షి వేరే విషయం చెబుతూ తన చిన్న కూతురికి జరిగింది చెప్పింది. ధర్మాసనంలో ఉన్న ఏకైక మహిళ నవనీతం పిళ్లై సహా న్యాయమూర్తులు ఆ మాటను వదిలిపెట్టలేదు, ఆ జూన్‌లో ప్రాసిక్యూషన్‌ అభియోగాలు సవరించింది. 1998 సెప్టెంబర్‌ 2న వచ్చిన తీర్పు, అత్యాచారం జాతిహననంలో భాగం కాగలదని మొట్టమొదటిసారి చెప్పింది. అడిగేవాళ్లు లేకపోతే నేరం కాగితం మీదికే రాదన్నది దీనిలోంచి తెలిసే సంగతి.

బోస్నియాలోని ఫోచా పట్టణంలో స్త్రీలను నెలల తరబడి బంధించిన ముగ్గురు బోస్నియా సెర్బులకు 2001లో యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన హేగ్‌ ట్రిబ్యునల్‌ 28, 20, 12 ఏళ్ల శిక్షలు వేసింది. ఆమె ఎదిరించలేదు కదా అన్న వాదనను మరుసటి ఏడాది అప్పీలు ధర్మాసనం చట్టరీత్యా తప్పు, వాస్తవాల రీత్యా అర్థరహితం అని కొట్టేసింది. అంతర్జాతీయ నేర న్యాయస్థానం నియమాల్లో ఇప్పుడిది స్పష్టంగా ఉంది. మౌనాన్ని సమ్మతిగా తీసుకోకూడదు, ఆమె మాటకు మరో సాక్ష్యం తోడు ఉండి తీరాలని అడగకూడదు, ఆమె గత లైంగిక జీవితాన్ని తవ్వకూడదు. చాలా దేశాల సొంత కోర్టులు ఇంకా ఈ మెట్టు ఎక్కలేదు.

నియమాలు మారినా కింద నేరం చేసినవాడికీ పైన ఆదేశించినవాడికీ మధ్య లంకె నిరూపించడం కష్టం. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో తన దళాలు చేసిన అత్యాచారాలకు కాంగో సాయుధ దళ నాయకుడు జాఁ-పియేర్‌ బెంబాకు 2016లో 18 ఏళ్ల శిక్ష పడింది. 2018లో అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డాడు. కేసులో నమోదైన అయిదు వేల మందికి పైగా బాధితులకు కోర్టు ద్వారా రావాల్సిన పరిహారం కూడా దానితోనే పోయింది.

సాక్ష్యం సేకరించేవాళ్లు చేసే చేటు గురించి తక్కువ మాట్లాడతారు. యాజిదీ స్త్రీలలో కొందరు అదే కథను విలేఖరులకు, స్వచ్ఛంద సంస్థలకు, దర్యాప్తు అధికారులకు పదేపదే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ తేదీల్లో, వివరాల్లో చిన్న తేడాలొస్తాయి. మనసుకు దెబ్బ తగిలిన మనిషి జ్ఞాపకం అంతే. ప్రతివాది లాయరు ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అబద్ధమంటాడు. సాక్ష్యం సేకరించేవాళ్ల కోసం నాదియా మురాద్‌ పేరిట 2022లో తెచ్చిన మురాద్‌ నియమావళి మొదట అడగమనే ప్రశ్న, ఈమెను అసలు మళ్లీ అడగాలా అని. ఇంతకుముందు ఎవరు రాసుకున్నారో కనుక్కోవాలి, పేరుకు బదులు సంకేత సంఖ్య రాసి తాళంచెవి జాబితా వేరేచోట ఉంచాలి, పరిహారం వస్తుందని ఆశ పెట్టకూడదు.

ఏటా ఐరాస విడుదల చేసే సంఖ్యనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. 2023లో 3,688 కేసులు, వాటిలో 95 శాతం స్త్రీలు, బాలికలవి. 2024లో 4,600కు పైగా. ఇవి ఐరాస సిబ్బంది స్వయంగా సరిచూసిన కేసులు మాత్రమే. సిబ్బందిని రానివ్వని చోట సంఖ్య సున్నాకు దగ్గరగా ఉంటుంది. క్లినిక్‌ తెరిచిన చోట పెరుగుతుంది. పెరిగిన అంకె ఒక్కోసారి తలుపు తెరుచుకుందనడానికి గుర్తు.

పరిహారం

బోస్నియా సమాఖ్య 2006లో చట్టం మార్చి, అత్యాచార బాధితులను పౌర యుద్ధ బాధితులుగా గుర్తించి నెలనెలా భృతి ఇచ్చింది. వైకల్యం శాతం చూపించాల్సిన పని లేదంది. అదే దేశంలోని రెండో భాగం, సెర్బ్‌ రిపబ్లిక్‌లో, 2018 దాకా ఒంట్లో 60 శాతం వైకల్యం నిరూపించాల్సి వచ్చింది. అత్యాచారానికి ఆ కొలత ఎలా పెడతారో ఆ చట్టం రాసినవాళ్లకే తెలియాలి. అక్కడ సివిల్‌ కోర్టుకు వెళ్లిన కొందరి దావాలు కాలపరిమితి దాటిందని కొట్టేసి, ఎదుటిపక్షం ఖర్చులు కూడా వాళ్లనే కట్టమన్నారు.

కొసావోలో 2018లో నెలకు 230 యూరోల పింఛను మొదలైంది. బాధితుల సంఖ్య 20,000 అని అక్కడ సాధారణంగా చెప్పుకునే అంచనా. దరఖాస్తుకు అయిదేళ్ల గడువు పెట్టారు. ఆ అయిదేళ్లలో వచ్చినవి రెండు వేల లోపే, గడువు పొడిగించక తప్పలేదు. ఇరాక్‌ 2021లో యాజిదీ బాధితుల చట్టం చేసి నెలజీతం, ఇంటిస్థలం ఇస్తానంది. తర్వాత దరఖాస్తుకు క్రిమినల్‌ ఫిర్యాదు కాగితం జతచేయమన్నారు. దార్ఫుర్‌ ‘ఫారం 8’ ఇంకో పేరుతో వచ్చినట్టే.

గ్వాటెమాలాలోని సెపుర్‌ జార్కోలో 1980ల తొలినాళ్లలో సైన్యం మాయా కెక్చి రైతులను మాయం చేసింది. సాగుచేసుకుంటున్న భూమికి పట్టాలు అడగడమే వాళ్ల నేరం. వాళ్ల భార్యలను సైనిక స్థావరానికి వంతులవారీగా రప్పించి వంట, బట్టలుతుకు పని చేయించారు, అత్యాచారాలు చేశారు. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక పదకొండు మంది స్త్రీలు సొంత దేశపు కోర్టులోనే, ముఖాలకు శాలువాలు కప్పుకుని కూర్చుని, కేసు నడిపించారు. 2016 ఫిబ్రవరిలో ఇద్దరు మాజీ సైనిక మనుషులకు 120, 240 ఏళ్ల శిక్షలు పడ్డాయి. తీర్పు వెంట ఇచ్చిన పరిహార ఆదేశాల్లో ఊరికి ఆరోగ్య కేంద్రం ఉంది, పిల్లలకు చదువు ఉంది. మాయమైన భర్తలు మొదలుపెట్టి వదిలేసిపోయిన ఆ భూమి పట్టాల దరఖాస్తులను పూర్తిచేయాలన్న ఆదేశం కూడా ఉంది.